ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు: అద్దెదారుల హక్కులు, న్యాయ సహాయం పొందే విధానం

అద్దెకు ఉంటున్న కుటుంబాన్ని బలవంతంగా ఇంట్లోంచి పంపించే అధికారం మన చట్టాల ప్రకారం కోర్టు ఉత్తర్వుకే ఉంది. ఇంటి యజమానికి గానీ, ఆయన తరఫున మాట్లాడటానికి వచ్చే పెద్దమనుషులకు గానీ, పోలీసులకు గానీ ఆ అధికారం లేదు. ఈ సంగతి తెలియకనే చాలామంది "రేపటికల్లా సామాను తీసెయ్యాలి" అన్న మాటకు భయపడి, రావలసిన అడ్వాన్సును కూడా వదులుకొని వెళ్లిపోతుంటారు. తెలిసినవారు కూడా వకీలును పెట్టుకునే స్తోమత లేదనుకొని ఆగిపోతుంటారు. అటువంటివారిలో ఎక్కువమందికి చట్టమే ఉచితంగా వకీలును ఇస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇల్లు అద్దెకు తీసుకున్నవారు తమ హక్కులను ఎలా తెలుసుకోవాలో, వాటికి భంగం కలిగినప్పుడు ఎవరి దగ్గరకు, ఏ వరుసలో వెళ్లాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

మొదటి పని: మీకు ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోవడం

అద్దె విషయాలు ఒకే చట్టం కింద నడవవు. దేశమంతటికీ వర్తించే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అన్నిటికీ పునాది. దానిపైన ఒక్కో రాష్ట్రానికి సొంత అద్దె చట్టం ఉంటుంది. తెలంగాణలో ఇప్పటికీ 1960 నాటి భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టమే నడుస్తోంది. మామూలుగా దీన్ని రెంట్ కంట్రోల్ చట్టం అంటారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దెలకు వేరే చట్టం చేసుకుంది. అందువల్ల పొరుగు రాష్ట్రంలోని బంధువుకు పనికొచ్చిన సలహా మీకు యథాతథంగా పనికిరాకపోవచ్చు. కింద రెంట్ కంట్రోలర్ గురించి, అంటే రెంట్ కంట్రోల్ చట్టం కింద అద్దె తగాదాలు తేల్చే అధికారి గురించి చెప్పేదంతా తెలంగాణకు సంబంధించినది. మిగిలిన విషయాలు చాలావరకు రెండు రాష్ట్రాలకూ వర్తిస్తాయి.

తెలంగాణలో కూడా ప్రతి అద్దె ఇల్లూ రెంట్ కంట్రోల్ పరిధిలోకి రాదు. 2005లో చేసిన సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు దాటిన అద్దెలకు, అలాగే కట్టి 15 ఏళ్లు నిండని భవనాలకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది. ఈనాటి అద్దెల్లో చాలా భాగం ఈ హద్దును ఎప్పుడో దాటేశాయి కాబట్టి నగరాల్లోని ఎక్కువ కుటుంబాల వివాదాలు ఆస్తి బదిలీ చట్టం కింద, మామూలు సివిల్ కోర్టులోనే తేలుతాయి. పాత ఇంట్లో తక్కువ అద్దెకు ఏళ్ల తరబడి ఉంటున్నవారికి మాత్రం రెంట్ కంట్రోల్ చట్టం చాలా బలమైన రక్షణ. అటువంటివారు పాత అద్దె రసీదులను బంగారంలా దాచుకోవాలి.

2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టాన్ని చూపి, "రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదట కదా" అని అడిగేవారు ఎక్కువయ్యారు. ఆ నమూనాలో నివాస గృహాలకు రెండు నెలల పరిమితి ఉన్న మాట నిజమే. అయితే అది రాష్ట్రాల ముందుంచిన నమూనా మాత్రమే; రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప దానికి బలం రాదు. అందువల్ల మీ ఇంటి విషయంలో దాన్ని హక్కుగా చూపి వాదించే ముందు న్యాయ సలహా తీసుకోవడం మంచిది.

హాస్టళ్లలో, పేయింగ్ గెస్టు వసతుల్లో ఉండేవారి పరిస్థితి కొంచెం వేరు. గదిపై మీకు పూర్తి స్వాధీనం ఇవ్వకుండా ఉండటానికి అనుమతి మాత్రమే ఇస్తే చట్టం దాన్ని అద్దెగా కాక లైసెన్సుగా చూస్తుంది. లైసెన్సుకు రక్షణ తక్కువ. కాగితంపై ఏ పేరు రాశారన్నది ఒక్కటే చూసి కోర్టు దీన్ని తేల్చదు. తాళం ఎవరి చేతిలో ఉంది, గది వాస్తవంగా ఎవరి అధీనంలో ఉంది అన్నవి కూడా పరిశీలిస్తుంది.

ఒప్పందం, రసీదులు, ఫొటోలు

పదకొండు నెలల ఒప్పందాలే ఎందుకు రాస్తారో ముందుగా తెలుసుకోవాలి. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని ఆస్తి బదిలీ చట్టంలోని 107వ సెక్షన్ చెబుతోంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు నెలలకు రాసుకుంటారు. మూడేళ్లకు రాసుకొని రిజిస్టరు చేయించకపోతే ఆ మూడేళ్ల గడువును కోర్టులో నిలబెట్టుకోవడం దాదాపు అసాధ్యం. మీ అద్దె నెలవారీ అద్దెగానే లెక్కకు వస్తుంది. నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు. ఈ పొరపాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది.

ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్సు ఎంతెంతో, అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుందో, ఖాళీ చేయడానికి ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఉండాలి. మరమ్మతులు ఎవరి బాధ్యతో, రంగులకు అడ్వాన్సులో కోత ఉంటుందా, ఉంటే ఎంతో కూడా రాయించుకోవాలి. చివరి రెండు విషయాల దగ్గరే గొడవలు ఎక్కువగా వస్తాయి. "యజమాని ఎప్పుడు కోరితే అప్పుడు తాళం వేసుకోవచ్చు" వంటి షరతు కనిపిస్తే కొట్టేయించాలి. తెలియక సంతకం చేసినా బెదిరిపోనవసరం లేదు, ఎందుకంటే కోర్టుతో పని లేకుండా ఖాళీ చేయించే హక్కు అటువంటి షరతు వల్ల ఎవరికీ రాదు.

ఇంట్లోకి దిగిన రోజునే, సామాను సర్దకముందే, ప్రతి గదినీ ఫోనులో వీడియో తీయండి. గోడపై ఊడిన పెచ్చు, స్లాబులో చెమ్మ మరక, వంటగది గట్టుపై పగులు, బాత్రూంలో కారుతున్న కుళాయి, విరిగిన కిటికీ గడియ, కరెంటు మీటరు రీడింగు అన్నీ దగ్గరగా కనిపించేలా తీసి ఆ రోజే యజమానికి వాట్సాప్‌లో పంపండి. "నమస్కారం అండీ, ఈ రోజు ఇంట్లోకి దిగాం, ఇంటి ప్రస్తుత స్థితి ఇదీ" అని ఒక వాక్యం జోడిస్తే చాలు. రెండేళ్ల తరువాత అడ్వాన్సులోంచి కోత పెట్టే మాట వచ్చినప్పుడు ఆ ఒక్క సందేశమే మీ తరఫు సాక్షి అవుతుంది.

అద్దెను బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో చెల్లించి, వివరాల గడిలో నెల పేరు రాయండి. నగదుగా ఇవ్వక తప్పకపోతే రసీదు అడగండి. రెంట్ కంట్రోల్ చట్టం కింద రసీదు పొందడం అద్దెదారు హక్కు. ఫోనులోని సందేశాలు, రికార్డింగులు కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందువల్ల స్క్రీన్‌షాట్లు తీసుకున్నాం కదా అని అసలు సందేశాలను చెరిపేయవద్దు, వివాదం నడుస్తుండగా పాత ఫోనును అమ్మేయవద్దు.

అద్దెకు ఉన్నన్నాళ్లూ మీకు ఉండే హక్కులు

అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం ఆ ఇంట్లో నిరాటంకంగా ఉండే హక్కు అద్దెదారుకు ఉందని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఆ సెక్షన్‌లోని నియమాలే మీకు వర్తిస్తాయి. యజమాని తాను చేయించవలసిన మరమ్మతును మీరు తెలియజేసిన తరువాత కూడా సహేతుకమైన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చును అద్దెలోంచి మినహాయించుకోవచ్చని కూడా అందులో ఉంది. అయితే "తాను చేయించవలసిన" అన్న మాట ఇక్కడ ముఖ్యం. ఒప్పందంలో ఆ బాధ్యత యజమానిదేనని రాసి ఉంటే మీ వాదనకు బలం ఉంటుంది. రాసి లేకపోతే ముందుగా సలహా తీసుకోకుండా అద్దె తగ్గించి ఇవ్వవద్దు. అలా తగ్గించిన మొత్తాన్నే బకాయిగా చూపి ఖాళీ చేయమనే ప్రమాదం ఉంది.

ఇల్లు వేరొకరికి అమ్మేసినంత మాత్రాన మీ అద్దె ఒప్పందం రద్దు కాదు. కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు, ఆయనకున్న హక్కులతోపాటు బాధ్యతలూ వారికి సంక్రమిస్తాయి. అమ్మకం జరిగినట్టు మీకు తెలియక పాత యజమానికే చెల్లించిన అద్దెను కొత్త యజమాని మళ్లీ అడగలేరు. తెలిసిన రోజునే మాత్రం ఇకమీదట అద్దె ఎవరికి ఇవ్వాలో, మీ అడ్వాన్సు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో ఇద్దరితోనూ రాతపూర్వకంగా చెప్పించుకోండి.

నీళ్లు, కరెంటు ఆపేసి ఇల్లు ఖాళీ చేయించాలని చూడటం చట్టవిరుద్ధం. రెంట్ కంట్రోల్ పరిధిలోని ఇళ్లకు ఈ విషయంలో రెంట్ కంట్రోలర్‌ను ఆశ్రయించవచ్చు. మిగిలినవారు సివిల్ కోర్టులో నిషేధాజ్ఞ, అంటే అలా చేయవద్దని ఆపే ఉత్తర్వు, కోరవచ్చు. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 43వ సెక్షన్ కూడా గుర్తుంచుకోదగినది. ఒక ప్రాంగణానికి విద్యుత్ సరఫరా కోరుతూ దరఖాస్తు చేసుకునే హక్కును అది యజమానికే కాక, అందులో ఉంటున్నవారికి కూడా ఇస్తుంది.

యజమాని అద్దె తీసుకోవడం మానేస్తే

ఖాళీ చేయించాలనుకునే యజమాని కొన్నిసార్లు అద్దె తీసుకోవడం ఆపేసి, రెండు మూడు నెలలు గడిచాక "అద్దె కట్టడం లేదు" అని కేసు వేస్తాడు. ఇది చాలా పాత ఎత్తుగడ, ఇప్పటికీ పారుతూనే ఉంది. తీసుకోకపోతే నాదేం తప్పు అని ఊరుకోవద్దు. రెంట్ కంట్రోల్ చట్టం దీనికి ఒక వరుస చెప్పింది: అద్దె జమ చేయడానికి బ్యాంకు వివరాలు పది రోజుల్లోగా తెలపాలని రాతపూర్వకంగా అడగాలి; తెలపకపోతే మనియార్డరు చేయాలి; దాన్నీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేసే అనుమతి కోరాలి. ఆ చట్టం వర్తించని ఇళ్లవారు కూడా ఇటువంటి లేఖ పంపడం ఎంతో మేలు. లేఖ సుమారుగా ఇలా ఉంటే సరిపోతుంది:

"గౌరవనీయులైన యజమాని గారికి, మీ ఇంటి మొదటి అంతస్తులో అద్దెకు ఉంటున్న నేను ఈ నెల అద్దెను 5వ తేదీన మీకు ఇవ్వబోగా మీరు తీసుకోవడానికి నిరాకరించారు. అద్దె జమ చేయడానికి మీ బ్యాంకు ఖాతా వివరాలను ఈ లేఖ అందిన పది రోజుల్లోగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. అద్దె చెల్లించడానికి నేను అన్నివేళలా సిద్ధంగా ఉన్నాను."

దీన్ని స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో పంపి, నకలును, పోస్టాఫీసు రసీదును ఒకేచోట ఉంచండి. ఆ అద్దె సొమ్మును ఖర్చు పెట్టకుండా పక్కన పెట్టండి. కోర్టు జమ చేయమన్న రోజున మొత్తం చూపగలిగిన అద్దెదారు మాటకు చాలా విలువ ఉంటుంది. రెంట్ కంట్రోల్ కేసులో పోరాడదలచుకున్నవారు బకాయి మొత్తాన్ని జమ చేసి, కేసు నడుస్తున్నంత కాలం నెలనెలా అద్దె కడుతూ ఉండాలి. అలా కట్టకపోతే వాదన పూర్తిగా వినకుండానే ఖాళీ చేయమని ఉత్తర్వు ఇవ్వవచ్చు.

చేతికి కాగితం అందినప్పుడు

వకీలు నోటీసు, కోర్టు సమన్లు, కోర్టు ఉత్తర్వు అన్నవి మూడు వేర్వేరు కాగితాలు. వీటి తేడా తెలియక జరిగే నష్టం చాలా ఎక్కువ.

వకీలు పేరుతో ముద్రించిన కాగితంపై, "నా క్లయింటు సూచన మేరకు" అంటూ వచ్చేది వకీలు నోటీసు. అది యజమాని కోరిక మాత్రమే, ఉత్తర్వు కాదు. ఒప్పందంలో వేరే గడువు లేకపోతే నెలవారీ నివాస అద్దెను ముగించడానికి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ రోజులను నోటీసు మీకు అందిన తేదీ నుంచి లెక్కిస్తారు. గడువు ముగిసినా యజమాని మీ సామాను బయట పెట్టలేడు. ఆయన చేయగలిగింది కోర్టులో దావా వేయడమే. నోటీసుకు మాత్రం తప్పకుండా జవాబు ఇవ్వండి. ఇవ్వకపోతే అందులో రాసినవన్నీ మీరు ఒప్పుకున్నారని వాదించే అవకాశం ఇచ్చినట్టవుతుంది. నోటీసును తీసుకోకుండా తిప్పి పంపడం వల్ల కూడా లాభం లేదు, నిరాకరించిన నోటీసును అందినట్టుగానే కోర్టులు పరిగణిస్తాయి.

సమన్లపై కోర్టు ముద్ర, కేసు నంబరు, హాజరు కావలసిన తేదీ ఉంటాయి. సివిల్ దావాకు ఓ.ఎస్. నంబరు, రెంట్ కంట్రోల్ కేసుకు ఆర్.సి. నంబరు ఉంటుంది. కాగితం నిజమైనదేనా అన్న అనుమానం వస్తే ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరుతోగానీ, 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరుతోగానీ చూసుకోవచ్చు. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లోగా లిఖితపూర్వక జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. హాజరు కాకపోతే మీరు లేకుండానే ఏకపక్ష డిక్రీ, అంటే ఒకరి వాదనే విని ఇచ్చే తీర్పు, వస్తుంది. అలా వచ్చిన డిక్రీని రద్దు చేయమని 30 రోజుల్లోగా కోరవచ్చు, అయితే ఎందుకు హాజరు కాలేకపోయారో కోర్టుకు నమ్మకం కలిగించాలి.

ఇక ఖాళీ చేయమనే ఉత్తర్వు వస్తే అప్పీలుకు గడువు చాలా తక్కువ. రెంట్ కంట్రోలర్ ఉత్తర్వుపై 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి. ఉత్తర్వు ధ్రువీకృత నకలు కోసం దాని గురించి తెలిసిన రోజే దరఖాస్తు పెట్టండి. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు అమలు ఆగదు, స్టే విడిగా అడగాలి.

రెంట్ కంట్రోల్ చట్టం కింద యజమాని "నాకు ఇష్టం లేదు" అంటే సరిపోదు. చట్టం చెప్పిన కారణాల్లో ఒకటి రుజువు చేయాలి. ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా వేరొకరికి అద్దెకు ఇవ్వడం, ఇంటిని వేరే పనికి వాడటం, ఇంటి విలువ దెబ్బతినేలా నష్టం చేయడం, యజమానికి నిజంగానే సొంత అవసరం ఉండటం వాటిలో ముఖ్యమైనవి. అద్దె ఆలస్యం ఉద్దేశపూర్వకం కాదని తేలితే బకాయి చెల్లించడానికి 15 రోజులకు మించకుండా గడువు ఇచ్చే వీలుంది. ఆ చట్టం వర్తించని ఇళ్లకు ఇన్ని అడ్డుకట్టలు లేవు. సరైన నోటీసు ఇచ్చి దావా వేస్తే యజమానికి చాలావరకు డిక్రీ వస్తుంది. నోటీసు గడువు తరువాత ఉన్న కాలానికి మార్కెట్ ధర ప్రకారం నష్టపరిహారం కట్టమని కూడా కోర్టు ఆదేశించవచ్చు. అందువల్ల ఇటువంటి ఇళ్లలో ఉన్నవారు కేసును ఏళ్ల తరబడి లాగాలని చూడకుండా, ఇల్లు వెతుక్కోవడానికి తగిన గడువు, అడ్వాన్సు పూర్తిగా తిరిగి రావడం అన్న రెండింటిపై గట్టిగా నిలబడటమే మేలని నా అభిప్రాయం.

తాళం వేసినా, సామాను బయట పెట్టినా

ఇక్కడ గంటలు కూడా విలువైనవే. ముందుగా 100కుగానీ 112కుగానీ ఫోన్ చేయండి. ఫిర్యాదు నమోదైన సమయం తరువాత సాక్ష్యంగా పనికొస్తుంది. తాళాన్ని, బయట పడి ఉన్న సామానును వీడియో తీయండి. చూసిన ఇరుగుపొరుగువారి పేర్లు రాసుకోండి. తాళాన్ని మీరే పగలగొట్టవద్దు, చేయి చేసుకోవద్దు.

పోలీస్ స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు వెళ్లండి" అన్న జవాబు రావచ్చు. ఖాళీ చేయాలా వద్దా అన్నది సివిల్ విషయమే కానీ, మీ స్వాధీనంలో ఉన్న ఇంట్లోకి బెదిరించే ఉద్దేశంతో చొరబడటం, వెళ్లవలసిన దారిలో మిమ్మల్ని అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరాలు. చొరబాటు విషయంలో చట్టం చూసేది ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందన్నది. ఇంటి పత్రాలు యజమాని పేరున ఉండటం ఆయనకు రక్షణ కాదు. ఫిర్యాదును రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం దాన్నే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు.

సివిల్ కోర్టులో రెండు దారులున్నాయి. ఖాళీ చేయిస్తారన్న భయం ఉండి ఇంకా ఇంట్లోనే ఉంటే, చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించవద్దని శాశ్వత నిషేధాజ్ఞ కోరుతూ దావా వేసి, దానితోపాటే తాత్కాలిక నిషేధాజ్ఞ అడగవచ్చు. ఇప్పటికే బయటికి నెట్టేస్తే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ ఉంది. కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని ఖాళీ చేయించారని రుజువు చేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నలోకి వెళ్లకుండానే కోర్టు మీకు స్వాధీనం తిరిగి ఇప్పిస్తుంది. ఈ దావాను ఖాళీ చేయించిన నాటి నుంచి ఆరు నెలల్లోగా వేయాలి. మాటలతో, పంచాయితీలతో ఈ ఆరు నెలలు గడిచిపోయినవారికి ఆ సులువైన దారి మూసుకుపోతుంది.

అడ్వాన్సు తిరిగి రాకపోతే

ఖాళీ చేసే రోజున మళ్లీ ప్రతి గదినీ వీడియో తీసి, కరెంటు, నీటి బిల్లులు చెల్లించిన రసీదులు జతచేసి, తాళాలు అప్పగించినట్టు యజమానితో సంతకంగానీ సందేశంగానీ తీసుకోండి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 108వ సెక్షన్ చెబుతుంది. రంగు వెలిసిపోవడం, మేకు రంధ్రాలు, అరిగిన కుళాయి వాషర్లు ఈ కోవలోకే వస్తాయని వాదించవచ్చు. పగిలిన వాష్‌బేసిన్, విరగ్గొట్టిన తలుపు ఇందులోకి రావు. కోత పెడుతున్నామంటే దేనికి ఎంతో రాతలో, బిల్లులతో అడగండి. పదిహేను రోజుల గడువుతో లేఖ రాసి, అప్పటికీ ఇవ్వకపోతే కింద చెప్పబోయే లోక్ అదాలత్ (ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే వేదిక) దారిని ముందుగా ప్రయత్నించండి. దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. అది దాటితే కాలదోషం పడుతుంది.

ఉచిత న్యాయ సహాయం ఎవరికి, ఎక్కడ

పేదరికం కారణంగా ఎవరికీ న్యాయం దూరం కాకూడదని రాజ్యాంగంలోని 39ఎ అధికరణం చెబుతోంది. దాన్ని అమలు చేయడానికి వచ్చినదే 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం. దాని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, వరదల వంటి విపత్తుల బాధితులు, కస్టడీలో ఉన్నవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. వీరికి ఆదాయ పరిమితి లేదు. మిగిలినవారు రాష్ట్రం నిర్ణయించిన వార్షిక ఆదాయ పరిమితి లోపల ఉండాలి. అద్దె ఒప్పందం ఇంటి ఇల్లాలి పేరున ఉంటే, భర్త జీతం ఎంతైనా ఆమె మహిళగా ఈ సహాయానికి అర్హురాలే. ఈ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

మొదటి అడుగుగా 15100కు ఫోన్ చేయవచ్చు. ఇది జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్. నేరుగా వెళ్లాలనుకుంటే జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. కింది స్థాయి కోర్టుల దగ్గర మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉంటాయి. వెళ్లేటప్పుడు ఆధార్, అద్దె ఒప్పందం, అద్దె చెల్లించిన రుజువులు, వచ్చిన నోటీసు లేదా సమన్లు, వర్తిస్తే కుల లేదా వైకల్య ధ్రువపత్రం తీసుకెళ్లండి. ఆదాయ పరిమితి కింద అడిగేవారికి, అనుమానించే కారణం ఏదీ లేకపోతే, సొంత అఫిడవిట్‌నే చాలినంత రుజువుగా తీసుకోవచ్చని చట్టం చెబుతోంది. అందువల్ల ఆదాయ ధ్రువపత్రం రాలేదని ఇంట్లో కూర్చోవద్దు.

వెళ్లే ముందు ఒకే పేజీలో తేదీల వరుస రాసుకోండి. ఏ తేదీన ఇంట్లో దిగారు, అడ్వాన్సు ఎంత, చివరి అద్దె ఎప్పుడు కట్టారు, గొడవ ఎప్పుడు మొదలైంది, చేతికి ఏ కాగితం ఏ రోజున అందింది, తరువాతి వాయిదా ఎప్పుడు అన్నవి అందులో ఉంటే చాలు. బాధంతా చెప్పుకోవాలని మనసుకు ఉంటుంది, అది సహజమే. కానీ ఎదుట కూర్చున్నవారికి మొదట కావలసింది గడువు ఎంత మిగిలిందన్న సమాచారం.

దరఖాస్తును తెలుగులో, తెల్ల కాగితంపై కూడా ఇవ్వవచ్చు. మంజూరైతే వకీలుతోపాటు కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు వంటివి కూడా సంస్థే భరిస్తుంది. కేటాయించిన వకీలు మీ దగ్గర ఎటువంటి ఫీజూ తీసుకోకూడదు. అడిగితే సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు చేయండి. వకీలు పట్టించుకోవడం లేదనిపిస్తే మార్చమని రాతపూర్వకంగా కోరవచ్చు. దరఖాస్తును తిరస్కరిస్తే ఆ సంస్థ అధ్యక్షులకు అప్పీలు చేసుకునే వీలుంది. లా కాలేజీల్లో నడిచే న్యాయ సహాయ కేంద్రాలు కూడా సలహాకు, లేఖలు రాయించుకోవడానికి పనికొస్తాయి.

సొంతంగా వకీలును పెట్టుకునేవారికి

అద్దె కేసులు తరచుగా చూసే సివిల్ వకీలును వెతకండి. గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత శాతం అన్న పద్ధతిలో ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు అనుమతించవు. ఏ దశకు ఎంతో ముందుగానే రాసుకొని, ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. వకాలత్నామాపై, అంటే మీ తరఫున వాదించే అధికారాన్ని వకీలుకు ఇచ్చే పత్రంపై, సంతకం చేసే ముందు చదవండి, ఖాళీ కాగితాలపై సంతకాలు చేయవద్దు. వకీలును మార్చవలసి వస్తే, ఫీజు బాకీ ఉందన్న కారణంతో మీ ఫైలును ఆపుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లో స్పష్టం చేసింది.

లోక్ అదాలత్‌లో రాజీ

కేసు వేయకముందే కూడా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టి, యజమానిని పిలిపించి మాట్లాడించమని కోరవచ్చు. దీనికి ఫీజు లేదు. అడ్వాన్సు తగాదాలకు ఇంతకన్నా త్వరగా పని జరిగే చోటు నాకు తెలిసి లేదు. అయితే ఎదుటివారు ఒప్పుకుంటేనే పరిష్కారం. వారు రాకపోయినా, ఒప్పుకోకపోయినా మీ కోర్టు హక్కులు అలాగే ఉంటాయి. గడువు మాత్రం ఆగదు, కనుక ఆరు నెలల హద్దు ఉన్న కేసుల్లో దీనికోసం ఎక్కువ కాలం వేచి చూడవద్దు.

రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అందుకే సంతకం పెట్టే ముందు షరతులన్నీ తెలుగులో చదివి వినిపించమని అడగండి. ఖాళీ చేసే తేదీ, అడ్వాన్సు మొత్తం, అది ఏ ఖాతాలో ఎప్పటికి పడాలి, అప్పటివరకు నీళ్లు, కరెంటు ఆపకూడదన్న మాట అందులో స్పష్టంగా ఉండాలి. వీలైతే తాళాలు ఇవ్వడం, డబ్బు అందడం ఒకే రోజున జరిగేలా రాయించుకోండి. నడుస్తున్న కేసు ఇలా ముగిస్తే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. తరువాత యజమాని మాట తప్పితే కొత్తగా దావా వేయనవసరం లేదు. అదే అవార్డును జతచేసి కోర్టులో అమలు పిటిషన్, అంటే ఇ.పి., వేయాలి. ఆ పిటిషన్‌కు కూడా ఉచిత వకీలును కోరవచ్చు.